మొగిలప్ప చెయ్యి

చిన్నబండ ఊరి చావడి పెద్దలకు, మంచె కాపలా వారికి, టమేటా మడుల సంఘానికి, సరిహద్దు అవతల మేస్తున్న ఏనుగుల మందకు, ఇంకా పుట్టని సంతతికి, తూటాల విప్పుడు కొట్టం ఉద్యోగి కౌండిన్య అను నేను సాష్టాంగపడి చెప్పుకుంటున్న క్షమాపణ.

తలకు నూనె రాసుకున్నందుకు నన్ను క్షమించండి. ఆ తలను గోక్కున్న వేళ్ళతోనే తూటా టోపీలను ముట్టుకున్నందుకు క్షమించండి. అందంగా కనబడాలని ఆశపడినందుకు ఒకసారి, ఈ మొహం పెట్టుకుని ఆశపడినందుకు ఇంకోసారి క్షమించండి. కూలిన మంచెకు, విరిగిన మణికట్టుకు, ఏనుగులు తిన్న రాగి పైరుకు, తినకుండా తొక్కిన రాగికి నాదే పూచీ. ఎండలు ముదిరినందుకు, సముద్రం పొంగి కింది జిల్లాలను మింగినందుకు, కంపెనీలు ఆరిపోయినందుకు కూడా ఇంకెవరూ ముందుకు రాకపోతే నన్నే క్షమించండి.

పై క్షమాపణను చావడిలో నా చేత మూడుసార్లు చదివించారు. మూడోసారికి నాకే నా మీద జాలేసింది. దానికి కొట్టం లాగ్ పేజీలు జతచేయమన్నారు. జతచేశాను, కానీ అవి వేరేవి. అసలువి ఇవి. కొట్టం లాగ్ తెరిచి చదివే అలవాటు మా ఊళ్ళో ఎవరికీ లేదు గనుక వీటిని దాచాల్సిన పని కూడా పడలేదు.

లాగ్ 41

పాత పలమనేరు శిథిలాల నుంచి ఒక ట్రంకుపెట్టె వచ్చింది. అడుగున పట్టుచీర, చీరలో చుట్టిన తూటాలు. కంపెనీ తూటా కొనలేకో, కంపెనీని నమ్మలేకో, ఎవరో తాతగారు ఇంట్లో కూర్చుని స్వహస్తాలతో నింపుకున్నవి. తూటాలు అడవిపందుల కోసమై ఉంటాయి. పట్టుచీర ఎవరి కోసమో నేను ఊహించదలచుకోలేదు.

వాటిని విప్పడం నా ఉద్యోగం. మూతికి పోసిన లక్క గీకి, కింద ఉన్న అట్టముక్క పీకి, సీసం గుళ్ళను ఒక గిన్నెలోకి, మందును ఇంకో గిన్నెలోకి వంచాలి. ఈ తాతగారు అట్టముక్కల కోసం ఎవరిదో పెళ్ళిపత్రిక కత్తిరించాడు. ఒక తూటాలో వరుడు, ఇంకో తూటాలో సుముహూర్తం దొరికాయి. వధువు కోసం ఇంకా వెతుకుతున్నాను.

సీసం దీపాల బ్యాటరీలకు పోతుంది. తాతల మందును మళ్ళీ తుపాకీలో వాడం, ఎవరేం కలిపారో చెప్పడానికి వాళ్ళు లేరు కదా. అది టమేటా మడికి ఎరువు. ఇత్తడి గుల్ల పనికొస్తుంది. అన్నిటికన్నా విలువైనది గుల్ల అడుగున ఉండే టోపీ. తుపాకీ సుత్తి తగిలితే నిప్పు పుట్టించేది అదే. కొత్త మందు మదనపల్లె నుంచి గాడిదల మీద వస్తుంది గానీ, టోపీ చేసే విద్య కంపెనీలతోపాటే పోయింది.

కొట్టంలో పెద్ద నియమం నూనె గురించి. నూనె తగిలిన టోపీ చచ్చిపోతుంది, పైకి మాత్రం బతికున్నట్టే మెరుస్తుంది. అందుకే విప్పేవాడు తలకు నూనె పెట్టకూడదు. గుట్ట కాలేజీలో కంప్యూటర్ శాస్త్రం చదివి, బోర్డు మీద సుద్దతో గీసిన కీబోర్డును అందరికంటే వేగంగా కొట్టి పతకం తెచ్చుకున్న నేను, ఇప్పుడు కొబ్బరిపీచు తలతో ఊళ్ళో తిరుగుతున్నాను.

నా ఎదుటి పీట మొగిలప్ప మామది. నేను విప్పిన గుల్లలను ఆయన మళ్ళీ నింపుతాడు, సీసం లేకుండా, ఒట్టి చప్పుడు కోసం. ఏనుగును గాయపరిస్తే మంద ఆ ఊరిని మరిచిపోదు. నింపినవాళ్ళు మూతికి ఎవరి రంగు లక్క వాళ్ళు పోస్తారు. మామది పచ్చ. మంచె మీద ఉన్నవాళ్ళు రంగు చూసి, ముందు నింపినవారి పేరు అరిచి, ఆ తర్వాతే తుపాకీ పేల్చాలి. "మొగిలప్ప చెయ్యి" అనే కేక, వెనకాలే ఢామ్మనే మోత. మా ఊరి పిల్లలు ఆ రెండూ ఒకే మాట అనుకుంటూ పెరుగుతారు.

"పొద్దున్నుంచి ఆ లక్కతో ఏం సరసం రా నీకు?" అన్నాడు మామ.

"పాత లక్క మామా. మహా మొండిది. నీ కూతురి మాదిరి."

"ఆ మాట దాని ముందర అను."

"ప్రాణం మీద తీపి ఉండాది మామా."

ఆయన కూతురు రుక్కు. మొదటి మంచె మీద తుపాకీ ఆమెదే. నాకంటే ఏడాది పెద్దది. నన్ను మనిషిగా లెక్కవేయడానికి ఇంకా ఆధారాలు వెతుకుతోంది.

రాగి కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఆ వాసన మాకంటే ముందు ఏనుగులకు అందుతుంది. చిల్లుచెవి అనే ఏనుగు నడిపే మంద కౌండిన్య వాగు దాటిందని కబురు. నాకు పేరిచ్చిన వాగు, ఏనుగులకు దారి కూడా ఇచ్చింది. ఊళ్ళో ఎవరూ ఒకచోట నిలవడం లేదు. కూర్చున్నవాళ్ళు కాలు ఆడిస్తున్నారు, నిలబడ్డవాళ్ళు దేనికో వెతుక్కుంటున్నారు. నేను ఒకే తూటాను రెండుసార్లు విప్పబోయాను.

లాగ్ 44

తెల్లవారుతుండగా వచ్చాయి.

నేను కింద గట్టు మీద రేకు డబ్బా వాయిస్తున్నాను. ముందు చిల్లుచెవి నడిచింది. ఎడమ చెవిలో చిల్లు, ఆ చిల్లులోంచి తెల్లారే ఆకాశం కనబడుతోంది. రుక్కు మంచె మీద లేచి నిలబడి, సంచిలోంచి తూటా తీసి, రంగు చూసి, గొంతెత్తి అరిచింది.

"మొగిలప్ప చెయ్యి!"

చెవులు మూసుకున్నాం. ఏమీ వినబడలేదు. చెవులు మూసుకున్నందుకేమో అని తీశాం. అప్పుడూ ఏమీ లేదు.

చిల్లుచెవి కూడా ఆగింది, ఆ మోతకు అలవాటు పడింది కదా. తర్వాత తాపీగా వచ్చి నుదురు మంచె కాలికి ఆనించింది. మంచె వాలిపోయింది. రుక్కు దూకి గట్టు మీద పడింది. తుపాకీ, అందులోని తూటా ఏనుగు కాలి కింద అప్పడమయ్యాయి. ఈలోగా రెండో మంచె మీద చెంగమ్మక్క పేల్చింది. మంద వెనక్కి తిరిగింది. రుక్కుకూ ఆ కాలికీ మధ్య ఒక తువ్వాలు పరిచేంత చోటు మిగిలింది.

ఎడమ మణికట్టు విరిగింది. వెదురుబద్దలు కడుతుంటే మామ వచ్చి నిలబడ్డాడు.

"ఏం కాలే నాయనా," అంది రుక్కు. "టోపీ చచ్చినట్టుండాది. నీ పని కాదు."

టోపీలు ఇచ్చేది నేను. అందరూ నా తల వైపు చూశారు. ఎవరో వాసన కూడా చూశారు.

లాగ్ 45

చెంగమ్మక్క మంచెలన్నిటికీ పెద్ద. తక్కువ మాట్లాడుతుంది, ఆ తక్కువలోనే అందరికీ పని చెబుతుంది.

"టోపీ తప్పా, చెయ్యి తప్పా? మిగిలిన పచ్చ తూటాలన్నీ ఇప్పి చూడు. ఆయప్ప ఎదురుగానే ఇప్పు. రేపు చావడిలో చెప్పు."

టోపీ తప్పయితే విప్పినవాడు ఈ కారంతా, అంటే పంట చేతికొచ్చేదాకా, ఏనుగు పేడ ఎత్తాలి, పేడ గ్యాస్ తొట్టిలో దిగి కలపాలి. చెయ్యి తప్పయితే 'చెయ్యి దించుతారు'. పచ్చ లక్క వాగులో పారేస్తారు. ఇక మంచె మీద మొగిలప్ప పేరు ఎవరూ పలకరు. నలభై ఏళ్ళుగా పొద్దుపొద్దున్నే తన పేరు విని లేచిన మనిషి ఆ మర్నాడు దేనికి లేస్తాడో నాకు తెలియదు.

నా టోపీలే తప్పయి ఉండాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. తన తప్పు తేలాలని మొక్కుకున్న పట్టభద్రుణ్ణి చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

లాగ్ 46

మామ ఎదుట కూర్చున్నాడు. విప్పేటప్పుడు నింపినవాళ్ళు మాట్లాడకూడదనేది ఆచారం.

మొదటిది విప్పి పళ్ళెంలో వంచాను. మందు పడింది. రెండోదీ అంతే. మూడోదాని లక్క గీకి, అట్టముక్క తీసి వంచాను. తట్టాను. మళ్ళీ తట్టాను.

"ఏం పళ్ళేదే," అన్నాడు మామ.

"పడింది మామా. సన్నమందు. గాలికి పోయింది."

"గాలి యాడుండాది రా."

కొట్టానికి కిటికీ లేదు. ఆయన ఆ గుల్ల అందుకుని, చిటికెనవేలు లోపల పెట్టి తిప్పి, బయటికి తీసి చూసుకున్నాడు. వేలు శుభ్రంగా ఉంది. అయినా పంచెకు తుడుచుకున్నాడు.

మిగిలినవీ విప్పాను. వాటిలో ఇంకొకటి ఖాళీ. టోపీ ఉంది, అట్ట ఉంది, లక్క చక్కగా గుండ్రంగా ఉంది. మందు పొయ్యడం ఒక్కటే మరిచిపోయాడు.

"పోసినట్టే ఉన్నింది," అన్నాడు. "పోసినట్టు గురుతు కూడా ఉండాది నాకు."

నాకు ఒక్క జోకు కూడా తట్టలేదు.

"రుక్కుకు చెప్పొద్దు రా. నాయన చేతి తూటా వల్లే చెయ్యి ఇరిగిందని బిడ్డకు తెలియగూడదు. చావడిలో చెప్తే దానికి తెలుస్తాది. చెప్పకపోతే నీ మీదికొస్తాది. ఎట్టా చేసేది?"

"నా మీదికి రానీ మామా. పేడలో దిగడానికి డిగ్రీ ఉన్నవాడు ఊళ్ళో ఇంకెవడుండాడు? కానీ ఇంక నువ్వు నింపగూడదు."

ఆయన నా మొహం వెతికాడు.

"నవ్వకుండా చెప్పినావే," అన్నాడు.

లాగ్ 47

చావడిలో నిలబడి నూనె కథ చెప్పాను. రుక్కు ముందు అందంగా కనబడాలని నువ్వుల నూనె రాసుకున్నానని, తల దురద పెట్టిందని, ఆ చేత్తోనే టోపీలు ఏరానని. బాగా చెప్పాను. ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది, నవ్వి.

మధ్యలో మామ లేవబోయాడు. ఆయన నోరు తెరిచేలోపు నేను ఎండలకు, సముద్రానికి కూడా క్షమాపణ చెప్పడం మొదలుపెట్టాను. సముద్రం మాట వచ్చాక మొగిలప్పను ఎవరూ పట్టించుకోలేదు.

"గమ్మున కూర్చో రా," అంది చెంగమ్మక్క. "నువ్వు చెప్పింది చాలు. ఈ కారంతా పేడ నీది."

రుక్కు నా వైపు ఒక్కసారే చూసింది. కోపం ఉంటుందనుకున్నాను. కానీ ఆ చూపు లెక్క తప్పిన పిల్లాణ్ణి చూసే టీచరు చూపులా ఉంది. పెళ్ళి సంబంధాలకు సంబంధించి నా ఆశలు కింది జిల్లాల్లో కలిశాయి.

లాగ్ 49

పేడ గ్యాస్ తొట్టి. మోకాళ్ళ దాకా దిగి ఉన్నాను. గట్టు మీద రుక్కు వచ్చి కూర్చుంది. కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"రేయ్ కౌండూ. యా నూనె రాసినావు?"

"నువ్వుల నూనె."

"ఊళ్ళో నువ్వుల నూనె లేక మూడు నెలలు. కొంచెం ముందే ఆలోచించుకోవాల్సింది."

నేను పేడ కలపడంలో లీనమయ్యాను.

"నూనె తాగిన టోపీ సుత్తి తగిలినా ఉలకదు, పలకదు," అంది. "ఆ పొద్దు నా చేతిలో టప్ మనింది. చిటికేసినంత. కిందున్నోళ్ళకు వినబళ్ళే. నాకు వినపడింది. టోపీ బాగానే పేలింది రా. దాని ముందర కాలడానికే ఏం లేదు."

"మరి టోపీ చచ్చిందని నువ్వే గదా అంటివి?"

"నాయన ఎదురుగా నిలబడుండాడు. ఇంకేమనేది? నిన్ను బలిచ్చినా. నువ్వు కాదంటావనుకున్న్యా. నువ్వేమో ఎగేసుకోని పోయి నూనె కూడా తెస్తివి."

తొట్టిలో బుడగలు వచ్చి పగిలాయి.

"నాకు తెలుసని నాయనకు చెప్పొద్దు," అంది లేస్తూ. "తన చేతి వల్ల నేను పడినానని తెలిస్తే ఆయప్ప ఇంక కూడు తినడు."

తండ్రి దగ్గర కూతురి కోసం, కూతురి దగ్గర తండ్రి కోసం, ఒకే గుట్టును రెండుసార్లు దాచుకోవాల్సిన పరిస్థితి నాది. ఇంటికి పోయి పడుకున్నాను, లేచాను. ఊరు చుట్టూ నడిచాను. వాగు దాకా పోయి ఏనుగుల అడుగుల్లో నిలిచిన నీళ్ళు చూసి వచ్చాను. కాళ్ళు ఆగడం లేదు. మంద మళ్ళీ దగ్గరికొచ్చింది.

లాగ్ 53

మామ చావడిలో తనంతట తానే లేచి చెప్పాడు. చూపు ఆనడం లేదు, ఇక నింపను అన్నాడు. రుక్కు తల వంచుకుని గోరు గిల్లుకుంది. తనకుగా ఆపేసినవాళ్ళకు చివరి తూటా ఒకటి హక్కు. దాన్ని పేరు పిలిచి పేలుస్తారు, లక్కను ఇంటివాళ్ళకు ఇస్తారు. చెయ్యి దించినప్పుడు ఈ రెండూ ఉండవు.

ఈ రోజు ఆ తూటా నింపాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"చూస్తా ఉండు. మాట్లాడొద్దు."

"నేనెప్పుడు మామా మాట్లాడింది?"

"ఇదిగో, ఇప్పుడు."

నోరు మూసుకున్నాను. ఆయన టోపీ ఉన్న గుల్లను వెలుతురుకు పట్టాడు. కొలత చెంచాతో మందు ముంచి, నాకు చూపించి, పోశాడు. గుల్లను నా చెవి దగ్గర ఆడించాడు. ఇసుకలో చీమ నడిచినట్టు వినబడింది. అట్టముక్క పెట్టి, మళ్ళీ ఆడించాడు. లక్క కరిగించి పోశాడు. మూతి మీద పచ్చ చుక్క గుండ్రంగా కాక కొంచెం పక్కకు జారింది.

"వంకరపోయింది," అన్నాడు.

"నీదే అని తెలియడానికి అదొక గుర్తు మామా."

ఆయన తూటాను అరచేతిలో పెట్టుకుని, బరువు చూసి, నా చేతిలో పెట్టాడు. "నువ్వూ చూడు," అన్నాడు. చూశాను. సరిగ్గా ఉంది. ఈ ఒక్కదాన్ని ఆయన నన్ను రెండుసార్లు చూడమన్నాడు.

లాగ్ 54

రుక్కు ఎడమచెయ్యి లేకుండా తుపాకీ ఎత్తలేదు. ఆ చెయ్యి విరగడానికి కారకుణ్ణని చావడి తీర్మానించింది గనుక నన్నే ఆమెకు ఎడమచెయ్యిగా నియమించారు. చావడి ఇచ్చిన వేరే తుపాకీ గొట్టం నా భుజం మీద, నేను మోకాళ్ళ మీద. కొత్త మంచె ఇంకా పచ్చికర్ర వాసన కొడుతోంది.

"కదలొద్దు," అంది.

"కదిలేది నేను కాదు, మంచె."

"నువ్వే. నీ మోకాళ్ళు."

తెల్లారేసరికి చిల్లుచెవి గట్టు దిగింది. వెనకాల పిల్లలు, ఆ వెనక పెద్దవి. రుక్కు సంచిలో చెంగమ్మక్క నింపిన ఎర్ర తూటాలు చాలానే ఉన్నాయి. పచ్చది ఒక్కటే. ఆమె వేళ్ళు ఎర్రవాటి మీదుగా పోయి వంకర చుక్క దగ్గర ఆగాయి.

"నువ్వు చూసినావా?" అంది నా వెనక నుంచి.

"చూసినా. పోసేటప్పుడు చూసినా, మూసేటప్పుడు చూసినా."

ఆమె తూటా గొట్టంలో దించి, ఊపిరి తీసుకుని, ఊరి వైపు మొహం తిప్పి అరిచింది. ఏనుగుల వైపు కాదు, ఊరి వైపు.

"మొగిలప్ప చెయ్యి!"

నా కుడిచెవి ఇప్పటికీ పనిచేయడం లేదు. చిల్లుచెవి తొండం ఎత్తి, ఒకసారి మంచె వైపు చూసి, మందను మళ్ళించుకుని వాగు వైపు నడిచింది. కింద గట్టు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. వాళ్ళలో మామ కనబడలేదు. ఇంట్లోనే ఉండి విని ఉంటాడు. ఆ మోత వినబడని ఇల్లు మా ఊళ్ళో లేదు.

రుక్కు నా పక్కన కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేసింది.

"నాయన కోసమే అంత నేరం నెత్తినేసుకున్నావా?"

"ఊ."

"నా కోసం కూడానా?"

"అది కూడా కొంచెం."

"ఇంకేమన్నా ఉండాదా?"

నా దగ్గర అప్పటికి మూడు జోకులు సిద్ధంగా ఉన్నాయి. మూడూ బాగున్నాయి. ఒక్కటీ చెప్పలేదు. ఆమెకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. నూనె రాయలేదు, టోపీలు పాడుచేయలేదు, సముద్రంతో నాకు ముఖపరిచయం కూడా లేదు. నేను చేసింది ఒకే ఒక్కటి.

ట్రంకుపెట్టె వచ్చిన రోజు పెళ్ళిపత్రికలోని వరుడి గురించి మామకు ఏదో చెబుతున్నాను. ఆయన నవ్వుతూనే తూటాకు లక్క పోసి పక్కన పెట్టాడు. కొలత చెంచా పీట మీద మందుతో నిండుగానే ఉంది. చూశాను. తర్వాతి తూటాకు ముందే ముంచి పెట్టుకున్నాడులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎత్తిచూపితే చిన్నబోతాడని, కథ మధ్యలో ఆపితే నవ్వు చెడుతుందని కూడా అనుకున్నాను. ఆయన అటు తిరగ్గానే చెంచాలోని మందును సీసాలోకి వంచేసి, చెంచాను చప్పుడు కాకుండా బోర్లించి, కథ ఎక్కడ ఆపానో అక్కడి నుంచి అందుకున్నాను.